పరుగు బంతికి, నిబ్బరం మనిషికి: బ్రెజిల్ ఉస్తాద్ డిడి జీవితం

బ్రెజిల్ ఫుట్‌బాల్ అనగానే మన ఇళ్ళల్లో పిల్లలైనా పెద్దలైనా ముందుగా చెప్పేది పీలే పేరే. 1958లో బ్రెజిల్ మొదటిసారి ప్రపంచకప్ గెలిచినప్పుడు 17 ఏళ్ల పీలే ఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు, నిజమే. కానీ ఆ టోర్నమెంట్ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది పీలే కాదు. మైదానం మధ్యలో తల ఎత్తుకుని నిలబడి, పెద్దగా పరుగెత్తకుండానే బంతిని ఎవరికి అందాలో వాళ్ళకు అందించిన ఒక నల్లజాతి ఆటగాడు. అసలు పేరు వాల్దిర్ పెరేరా. లోకమంతా పిలిచింది మాత్రం డిడి అనే.

ఆటగాడిగా రెండు ప్రపంచకప్‌లు గెలిచిన డిడి ఆ తర్వాత కోచ్‌గా మారారు. పెరూ, అర్జెంటీనా, టర్కీ, సౌదీ అరేబియా... ఇలా దేశం తర్వాత దేశం తిరిగి తన విద్య నేర్పారు. ఒక రోజు వచ్చింది. ప్రపంచకప్‌లో సొంత దేశం బ్రెజిల్‌కే ఎదురుగా వేరే జట్టు బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చింది. ఆ రోజు దాకా ఆయన ఎలా వచ్చారు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళారు అన్నదే ఈ కథ.

చెరకు తోటల ఊరి నుంచి

1928 అక్టోబర్ 8న డిడి పుట్టారు. ఊరు కాంపోస్ దోస్ గోయితకాజెస్. రియో డి జనీరో నగరానికి ఉత్తరాన సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చెరకు తోటలకు, చక్కెర మిల్లులకు పేరుబడ్డ ప్రాంతం. ఒకప్పుడు ఆ తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. బ్రెజిల్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1888లో. అంటే డిడి పుట్టడానికి సరిగ్గా 40 ఏళ్ల ముందు. చట్టం మారినంత తొందరగా మనుషుల చూపు మారదు కదా. నల్లజాతి కుటుంబాల పేదరికం అలాగే ఉండిపోయింది.

ఇంట్లో డబ్బులు సరిపోయేవి కావు. చిన్నప్పుడు డిడి వేరుశనగలు అమ్మి ఇంటికి సాయం చేశారు. మిగతా సమయమంతా వీధుల్లో ఫుట్‌బాల్. 14 ఏళ్ల వయసులో అలా ఆడుతుండగానే మోకాలికి గట్టి దెబ్బ తగిలింది. దెబ్బ చిన్నదే అనుకున్నారు, అది చీము పట్టింది. పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, కాలు తీసేయాల్సి రావచ్చన్నారు డాక్టర్లు. నెలల తరబడి చక్రాల కుర్చీలోనే గడిపారు. చివరికి కాలు దక్కింది.

కాలు దక్కింది గానీ, ఎవరితోనైనా పరుగు పందెం పెట్టుకునే ఆట మాత్రం ఇక ఆయనది కాలేదు. బంతిని ముందే అంచనా వేయడం, తను కదిలే బదులు బంతినే కదిలించడం, వీటి మీదే డిడి ఆట పెరిగింది. మనిషి ఎంత పరుగెత్తినా అలసిపోతాడు, బంతి అలసిపోదు అన్నది ఆయన జీవితాంతం నమ్మిన లెక్క.

మరకానాలో మొదటి గోల్

ఊళ్ళోని చిన్న క్లబ్బుల్లో ఆడి, 1940ల మధ్యలో రియోలోని మదురేరా క్లబ్‌కు చేరారు. అక్కడి నుంచి 1949లో ఫ్లుమినెన్స్. ఇది మామూలు క్లబ్ కాదు. రియోలోని డబ్బున్న కుటుంబాలు పెట్టుకున్న పాత క్లబ్. అలాంటి చోట పేద నల్లజాతి కుర్రాడు జట్టుకు గుండెకాయ కావడమంటే చిన్న విషయం కాదు. 1951లో ఫ్లుమినెన్స్ రియో రాష్ట్ర ఛాంపియన్ అయింది. అందులో డిడి పాత్ర పెద్దది.

అంతకు ముందే, 1950 జూన్ 16న ఒక సంగతి జరిగింది. ఆ ఏడాది ప్రపంచకప్ కోసం రియోలో కట్టిన మరకానా స్టేడియాన్ని ప్రారంభిస్తూ రియో, సావో పాలో జట్ల మధ్య మ్యాచ్ పెట్టారు. మ్యాచ్ 3-1తో సావో పాలో గెలిచింది. కానీ ఆ స్టేడియంలో మొట్టమొదటి గోల్ కొట్టింది రియో తరఫున ఆడిన డిడి. తర్వాత మరకానాలో వేల గోల్స్ పడ్డాయి. మొదటిది మాత్రం ఎప్పటికీ ఆయనదే.

సరిగ్గా నెల తర్వాత, జూలై 16న అదే మైదానంలో ఉరుగ్వే చేతిలో 2-1తో ఓడి బ్రెజిల్ ప్రపంచకప్ పోగొట్టుకుంది. దేశమంతా ఏడ్చింది. ఆ జట్టులో డిడి లేరు. అయితే ఓటమి తర్వాత జరిగింది ఆయన తరం మొత్తాన్ని వెంటాడింది. ఆడింది 11 మంది. నింద పడింది ముఖ్యంగా ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళ మీద. గోల్‌కీపర్ బార్బోసా, డిఫెండర్లు బిగోడే, జువెనాల్. గోల్‌కీపర్ బార్బోసానైతే చనిపోయేదాకా ఆ నింద వదల్లేదు. నల్లవాళ్ళకు ఒత్తిడి వస్తే గుండె నిలవదు అనే మాట పెద్దమనుషుల మధ్య బాహాటంగానే నడిచింది.

1954లో స్విట్జర్లాండ్ ప్రపంచకప్‌లో డిడి ఆడారు. మెక్సికో మీద, యుగోస్లావియా మీద గోల్స్ చేశారు. క్వార్టర్ ఫైనల్లో హంగేరీ చేతిలో 4-2తో బ్రెజిల్ ఓడింది. ఆ మ్యాచ్‌లో తన్నులాటలు జరిగి ముగ్గురు బయటికి వెళ్ళాల్సి వచ్చింది. బ్రెజిల్ ఆటగాళ్ళకు నైపుణ్యం ఉంది, నిబ్బరం లేదు అనే ముద్ర ఇంకా గట్టిపడింది.

ఎండుటాకు

1956 ప్రాంతంలో డిడి చీలమండకు గాయమైంది. మామూలుగా బంతిని తంతే నొప్పి. ఆడటం మానలేక, నొప్పి రాకుండా తన్నే పద్ధతి వెతుక్కున్నారు. పాదం బయటివైపుతో, బంతిని ఒక ప్రత్యేకమైన చోట తాకించడం మొదలుపెట్టారు. అలా తన్నిన బంతి ముందు గోడ కట్టి నిలబడ్డ ఆటగాళ్ళ తలల మీదుగా పైకి లేస్తుంది. గోల్ పైనుంచి వెళ్ళిపోతుందని గోల్‌కీపర్ అనుకునే లోపు, ఉన్నట్టుండి ఊగిసలాడుతూ కిందికి పడిపోతుంది. చెట్టు నుంచి రాలే ఆకు ఎటు తిరుగుతుందో చెప్పలేం కదా, అలాగన్నమాట. బ్రెజిల్ జనం దానికి ఎండుటాకు అని పేరు పెట్టారు. ఇవాళ టీవీలో ఫ్రీకిక్ బంతి గాల్లో ఊగి గోల్‌కీపర్‌ని బోల్తా కొట్టిస్తే, దాని మూలాల్లో డిడి పేరు ఉంటుంది.

ఈ కిక్ ఒక్క క్లబ్ మ్యాచ్‌లకే పనికొచ్చిందనుకుంటే పొరపాటు. 1958 ప్రపంచకప్‌కు అర్హత కోసం 1957 ఏప్రిల్‌లో బ్రెజిల్ పెరూతో రెండు మ్యాచ్‌లు ఆడింది. లిమాలో 1-1 డ్రా. రెండోది ఏప్రిల్ 21న మరకానాలో. ఆ మ్యాచ్‌లో పడింది ఒకే ఒక్క గోల్. డిడి ఫ్రీకిక్, అదే ఎండుటాకు. 1-0తో బ్రెజిల్ స్వీడన్ టికెట్ సంపాదించింది. ఆ బంతి కిందికి వాలకుండా పైకి వెళ్ళిపోయి ఉంటే 1958 కథ ఏమయ్యేదో చెప్పలేం. ఆ రోజు ఓడిపోయిన పెరూ పేరు మాత్రం గుర్తుంచుకోండి. డిడి జీవితంలోకి అది మళ్ళీ వస్తుంది.

అప్పటికే డిడి ఫ్లుమినెన్స్ వదిలి బొటాఫోగో క్లబ్‌లో చేరారు. అక్కడ గరించా, నిల్టన్ సాంతోస్ తోడయ్యారు. 1957 డిసెంబర్‌లో రియో ఛాంపియన్‌షిప్ చివరి మ్యాచ్‌లో బొటాఫోగో, డిడి పాత క్లబ్ ఫ్లుమినెన్స్‌ను 6-2తో ఓడించింది. గెలిస్తే స్టేడియం నుంచి ఇంటికి నడిచి వెళ్తానని డిడి ముందే మాట ఇచ్చారు. మాట తప్పలేదు. ఆట దుస్తుల్లోనే, అభిమానులు వెంట రాగా, నగరం వీధుల గుండా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళారు.

స్వీడన్‌లో ఆ నడక

1958 జట్టు ఎంపికప్పుడు డిడి మీద గుసగుసలు తక్కువ లేవు. 30కి దగ్గర పడుతున్నాడు, ప్రాక్టీస్‌లో చెమట పట్టదు, కుర్రాళ్ళను తీసుకుంటే మేలు అన్నారు. ప్రాక్టీస్ వేరు, మ్యాచ్ వేరు అన్నది డిడి పద్ధతి. కోచ్ విసెంటె ఫియోలా ఆయన్ని వదులుకోలేదు.

స్వీడన్‌లో బ్రెజిల్ ఆస్ట్రియాను 3-0తో ఓడించింది. ఇంగ్లండ్‌తో 0-0. తర్వాత మ్యాచ్‌కు గరించా, పీలే జట్టులోకి వచ్చారు. సోవియట్ యూనియన్ మీద 2-0, వేల్స్ మీద 1-0. సెమీఫైనల్లో ఫ్రాన్స్‌ను 5-2తో చిత్తు చేశారు. ఆ మ్యాచ్ 1-1 మీద ఉన్నప్పుడు దూరం నుంచి గోల్ కొట్టి బ్రెజిల్‌ను ముందుకు తెచ్చింది డిడి. తర్వాత పీలే మూడు గోల్స్ చేశాడు.

జూన్ 29, ఫైనల్. ఆతిథ్య దేశం స్వీడన్ ఎదురుగా ఉంది. నాలుగో నిమిషంలోనే స్వీడన్ కెప్టెన్ లీడ్‌హోమ్ గోల్ కొట్టాడు. ఆ టోర్నమెంట్‌లో బ్రెజిల్ వెనకబడటం అదే మొదటిసారి. 1950 గుర్తుకు రానివాళ్ళు బ్రెజిల్ శిబిరంలో ఎవరూ ఉండి ఉండరు. అప్పుడు డిడి గోల్ వలలోకి వెళ్ళి బంతి తీసుకున్నారు. చంకలో పెట్టుకుని మైదానం మధ్యకు నడిచారు. పరుగెత్తలేదు. కంగారుగా వచ్చి తొందరపెట్టిన వాళ్ళకు, ఏమీ కాలేదు, మనం వీళ్ళకంటే బాగా ఆడతాం అని ధైర్యం చెప్పుకుంటూ మెల్లగా వచ్చారు.

ఆ కొద్ది క్షణాల్లో జట్టు ఊపిరి తీసుకుంది. తొమ్మిదో నిమిషంలో వావా స్కోరు సమం చేశాడు. 32వ నిమిషంలో వావాదే మరో గోల్. తర్వాత పీలే, జగాలో, మళ్ళీ పీలే. 5-2. బ్రెజిల్ మొదటిసారి ప్రపంచ ఛాంపియన్. నల్లవాళ్ళ గుండె ఒత్తిడికి నిలవదన్న మాటకు ఆ రోజు జవాబు దొరికింది. జవాబు ఇచ్చింది పెద్ద ఉపన్యాసం కాదు, ఒక నడక.

నాటక రచయిత, పత్రికా కాలమిస్టు నెల్సన్ రోడ్రిగెస్ ఆయనకు ఇథియోపియా రాకుమారుడు అని పేరు పెట్టారు. నిటారుగా, తల ఎత్తి నడిచే ఆ తీరు చూసి పెట్టిన పేరు. సాయిబుల ఇళ్ళల్లో సబర్, ఇజ్జత్ అనే రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. డిడి ఆటలో కనిపించేవి ఆ రెండే. తొందరపడకపోవడం, తలవంచకపోవడం.

మాడ్రిడ్‌లో చేదు అనుభవం

1959లో స్పెయిన్ నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి యూరప్‌లో తిరుగులేని క్లబ్ రియల్ మాడ్రిడ్. అర్జెంటీనాలో పుట్టిన ఆల్ఫ్రెడో డి స్టెఫానో అక్కడ రాజు. హంగేరీ నుంచి వచ్చిన పుష్కాష్ ఉన్నాడు. వీళ్ళ పక్కన ప్రపంచకప్ ఉత్తమ ఆటగాడు డిడి కూడా చేరితే ఇంకేం కావాలి అనుకున్నారు.

అనుకున్నట్టు జరగలేదు. డి స్టెఫానో మైదానమంతా పరుగెడుతూ, అందర్నీ పరుగెత్తించే మనిషి. డిడి నిలబడి ఆట నడిపే మనిషి. ఒకే జట్టులో ఇద్దరు దారి చూపేవాళ్ళు ఇమడలేదు. డి స్టెఫానో తనను పక్కన పెట్టించాడని బ్రెజిల్ వైపు గట్టిగా నమ్మారు. డిడి ఆట నెమ్మది, స్పెయిన్ వేగానికి సరిపోలేదని మాడ్రిడ్ వైపు చెప్పుకున్నారు. ఎవరి మాట వాళ్ళది. 1960 మేలో రియల్ మాడ్రిడ్ 7-3తో ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఓడించి యూరోపియన్ కప్ గెలిచిన ఫైనల్లో డిడి లేరు. ఒక్క సీజన్‌తో తిరిగి బొటాఫోగోకు వచ్చేశారు.

ఆ ఏడాది డిడి ఖాతాలో నష్టంగానే రాశారు అందరూ. కానీ ఒక గొప్ప ఆటగాడు కూడా సరిపడని జట్టులో ఎలా వాడిపోతాడో ఆయన స్వయంగా చూశారు. తర్వాత కోచ్‌గా ఆయన కుర్రాళ్ళను వాళ్ళ తీరులో ఆడనిచ్చిన విధానం చూస్తే, మాడ్రిడ్ పాఠం వృథా పోలేదనిపిస్తుంది.

1961, 1962లో బొటాఫోగో రియో ఛాంపియన్ అయింది. 1962లో చిలీ ప్రపంచకప్. డిడికి 33 ఏళ్లు. రెండో మ్యాచ్‌లోనే పీలే గాయపడి టోర్నమెంట్‌కు దూరమయ్యాడు. భారం గరించా మీద, డిడి లాంటి పెద్దవాళ్ళ మీద పడింది. డిడి ఆరు మ్యాచ్‌లూ ఆడారు. జూన్ 17న ఫైనల్లో చెకోస్లోవేకియా ముందు గోల్ కొట్టినా బ్రెజిల్ 3-1తో గెలిచింది. వరుసగా రెండో కప్. బ్రెజిల్ తరఫున 68 మ్యాచ్‌లు, 20 గోల్స్‌తో డిడి అంతర్జాతీయ ఆట ముగిసింది.

ఓడించిన దేశానికే ఉస్తాద్‌గా

ఆ తర్వాత డిడి చేరింది లిమా నగరం. పెరూ రాజధాని. అక్కడి స్పోర్టింగ్ క్రిస్టల్ క్లబ్‌లో ఆడుతూనే కోచింగ్ మొదలుపెట్టారు. మధ్యలో మెక్సికోలో, బ్రెజిల్‌లో కొంతకాలం ఆడి బూట్లు పక్కన పెట్టాక, మళ్ళీ లిమాకే వచ్చారు. 1968లో ఆయన కోచ్‌గా స్పోర్టింగ్ క్రిస్టల్ పెరూ లీగ్ గెలిచింది. వెంటనే పెరూ జాతీయ జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది.

1957లో తన ఎండుటాకుతో ఏ దేశం ఆశల్ని తుంచారో, ఆ దేశాన్నే ప్రపంచకప్‌కు తీసుకెళ్ళే పని ఇప్పుడు డిడిది. పెరూ అప్పటికి ఒక్కసారే, 1930లో, అదీ ఆహ్వానం మీద ప్రపంచకప్ ఆడింది. అర్హత మ్యాచ్‌లు ఆడి గెలిచి వెళ్ళింది లేదు. 1970 కప్ కోసం పడ్డ గ్రూప్‌లో అర్జెంటీనా, బొలీవియా ఉన్నాయి. అర్జెంటీనా ఉన్న గ్రూప్‌లో పెరూకు చోటెక్కడిది అనుకున్నారు జనం.

డిడి చేతిలో మంచి కుర్రాళ్ళు ఉన్నారు. అలియాంజా లిమా క్లబ్ కుర్రాడు తియోఫిలో కుబియాస్‌కు అప్పుడు 20 ఏళ్లు. డిఫెన్స్‌లో కెప్టెన్ హెక్టర్ చుంపితాజ్ రాయిలా నిలబడేవాడు. ముందు పెరికో లియోన్, గయార్దో. వీళ్ళకు బంతి ఆడటం డిడి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. నేర్పాల్సింది పెద్ద జట్టును చూసి భయపడకపోవడం. బంతి దొరకగానే గుడ్డిగా ముందుకు తన్నకుండా, కాళ్ళ దగ్గర పెట్టుకుని పాస్ చేసుకుంటూ వెళ్ళడం. దాడే ఆడాలి, భయంతో వెనక్కి కూర్చోకూడదు అన్నది ఆయన పట్టు.

లిమాలో పెరూ 1-0తో అర్జెంటీనాను ఓడించింది. బొలీవియాతో ఒక ఓటమి, ఒక గెలుపు. చివరి మ్యాచ్ 1969 ఆగస్టు 31న బ్యూనస్ ఐరిస్‌లోని లా బొంబోనేరా స్టేడియంలో. ప్రేక్షకుల గోలకు ఎదుటి జట్టు కాళ్ళు వణికే మైదానం అది. డ్రా అయినా పెరూకు చాలు, అర్జెంటీనాకు గెలుపే కావాలి. ఆ రోజు ఓస్వాల్దో రామిరెజ్ రెండు గోల్స్ కొట్టాడు. మ్యాచ్ 2-2. అర్జెంటీనా ఇంటికి, పెరూ మెక్సికోకు. అర్జెంటీనా అర్హత మ్యాచ్‌లు ఆడి కూడా ప్రపంచకప్‌కు వెళ్ళలేకపోవడం చరిత్రలో అదొక్కసారే.

భూమి కంపించిన వారం

1970 మే 31న మెక్సికోలో ప్రపంచకప్ మొదలైంది. అదే రోజు మధ్యాహ్నం పెరూలో భూకంపం వచ్చింది. అన్కాష్ ప్రాంతం నేలమట్టమైంది. హువాస్కరాన్ పర్వతం నుంచి విరిగిపడ్డ మంచు, రాళ్ళు, బురద కింద యుంగాయ్ అనే ఊరు మొత్తం కప్పుకుపోయింది. చనిపోయినవాళ్ళు దాదాపు 70,000 మంది.

పెరూ ఆటగాళ్ళు అప్పటికే మెక్సికోలో ఉన్నారు. ఇంటి కబురు తెలియక అల్లాడిపోయారు. రెండు రోజుల్లో, జూన్ 2న, లియోన్ నగరంలో బల్గేరియాతో మ్యాచ్. ఏ మనసుతో ఆడతారు? సగం ఆట అయ్యాక కాసేపటికే బల్గేరియా 2-0తో ముందుంది.

సబ్‌స్టిట్యూట్లను దింపడానికి అనుమతించిన మొదటి ప్రపంచకప్ అదే. డిడి హుగో సోటిల్ అనే చురుకైన కుర్రాడిని దింపారు. ఆట తీరే మారిపోయింది. గయార్దో ఒక గోల్ తిరిగి ఇచ్చాడు. చుంపితాజ్ ఫ్రీకిక్‌తో సమం చేశాడు. 73వ నిమిషంలో కుబియాస్ మూడో గోల్ కొట్టాడు. 3-2. శవాల మధ్య ఏడుస్తున్న దేశానికి ఒక్క పూట ఊరట. ఫుట్‌బాల్ మ్యాచ్ పోయిన ప్రాణాల్ని తేలేదు. కానీ 0-2 నుంచి లేచి నిలబడిన ఆ ఆటను పెరూ జనం ఇప్పటికీ మర్చిపోలేదు.

తర్వాత మ్యాచ్ మొరాకోతో. 1934లో ఈజిప్ట్ ఆడాక ఆఫ్రికా నుంచి ప్రపంచకప్‌కు వచ్చిన జట్టు అదే. చాలాసేపు గోల్ పడనివ్వలేదు. చివర్లో పెరూ పది నిమిషాల వ్యవధిలో మూడు గోల్స్ కొట్టి 3-0తో గెలిచింది. పశ్చిమ జర్మనీ చేతిలో 3-1తో ఓడినా, గ్రూప్‌లో రెండో స్థానంతో క్వార్టర్ ఫైనల్‌కు చేరింది.

క్వార్టర్ ఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? బ్రెజిల్.

జూన్ 14, గ్వాదలహారా. అటు బెంచ్ మీద బ్రెజిల్ కోచ్ మారియో జగాలో. 1958లో, 1962లో డిడితో కలిసి కప్ గెలిచిన సహచరుడు, బొటాఫోగోలో కూడా తోటివాడు. మైదానంలో పీలే. స్వీడన్‌లో డిడి వెనకుండి నడిపిన కుర్రాడు, ఇప్పుడు ప్రపంచానికే రాజు. ఇటు బెంచ్ మీద డిడి. ఒకరి గీతం పాడే వాళ్ళలో తను పుట్టిన నేల, ఇంకొకరి గీతం పాడే వాళ్ళలో తను పెంచిన పిల్లలు.

ఓటమి తప్పించుకోవడానికి పదిమందితో గోడ కట్టే ఆట ఆడిస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. డిడి అలా ఆడించలేదు. పెరూ తన ఆటే ఆడింది. రివెలినో, తోస్తావ్ గోల్స్‌తో బ్రెజిల్ 15 నిమిషాల్లోనే 2-0. గయార్దో ఒకటి తగ్గించాడు. తోస్తావ్ మళ్ళీ కొట్టాడు. 70వ నిమిషంలో కుబియాస్ 3-2 చేశాడు. ఐదు నిమిషాల తర్వాత జైర్జిన్హో 4-2తో ముగించాడు. ఆ టోర్నమెంట్‌లో బ్రెజిల్ మీద పెరూ కంటే ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు లేదు. వారం తర్వాత బ్రెజిల్ ఇటలీని 4-1తో ఓడించి మూడోసారి కప్ ఎత్తింది.

పసుపు, ఎర్ర కార్డులు కూడా ఆ ప్రపంచకప్‌తోనే మొదలయ్యాయి. పెరూ ఆటగాళ్ళకు ఒక్క కార్డు కూడా పడలేదు. ఫెయిర్ ప్లే ట్రోఫీ వాళ్ళకే దక్కింది. ఐదు గోల్స్ చేసిన కుబియాస్ పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఇస్తాంబుల్, జెద్దా

పెరూ తర్వాత డిడి బ్యూనస్ ఐరిస్‌కు వెళ్ళారు. ఏ నగరంలో అర్జెంటీనా ఆశలకు గండి కొట్టారో అక్కడే రివర్ ప్లేట్ క్లబ్ ఆయన్ని కోచ్‌గా పెట్టుకుంది. 1957 నుంచి లీగ్ గెలవని క్లబ్ అది. డిడి టైటిల్ తేలేకపోయారు. కానీ నోర్బెర్తో అలోన్సో లాంటి టీనేజ్ కుర్రాళ్ళకు పెద్ద జట్టులో చోటిచ్చారు. 1975లో వేరే కోచ్ ఆధ్వర్యంలో రివర్ ప్లేట్ 18 ఏళ్ల కరువు తీర్చుకున్నప్పుడు ఆ కుర్రాళ్ళే ముందున్నారు. విత్తనం వేసినవాడు ఒకరు, పంట కోసినవాడు ఇంకొకరు. కోచింగ్‌లో ఇది మామూలే.

1972లో ఇస్తాంబుల్. ఆ నగరం ఒడ్డు ఒకటి యూరప్‌లో, ఇంకొకటి ఆసియాలో ఉంటుంది. ఆసియా ఒడ్డున ఉన్న ఫెనెర్‌బాచె క్లబ్ డిడిని పిలిచింది. అప్పుడు పోటీ క్లబ్ గలాతసరాయ్‌ది పైచేయి. 1973తో కలిపి వరుసగా మూడు లీగ్‌లు గెలిచింది. మొదటి ఏడాది డిడి దాన్ని ఆపలేకపోయారు. తర్వాత రెండేళ్లు, 1973-74లో, 1974-75లో టర్కీ లీగ్ ఫెనెర్‌బాచెదే. టర్కిష్ కప్ కూడా ఒకసారి గెలిపించారు. తమ వీధుల్లో ప్రపంచ ఛాంపియన్ ఒకరు నడవడం టర్కీ అభిమానులకు పండగలా ఉండేది.

ఆ తర్వాత బ్రెజిల్ వెళ్ళి రివెలినో లాంటి వాళ్ళున్న ఫ్లుమినెన్స్‌కు కోచ్‌గా పనిచేశారు. 1970ల చివర్లో జెద్దాలోని అల్ అహ్లీ క్లబ్ నుంచి పిలుపు అందుకున్నారు. హజ్, ఉమ్రా ప్రయాణాల వల్లా, ఉద్యోగాల వల్లా జెద్దా పేరు తెలియని తెలుగు ముస్లిం కుటుంబం ఉండదు. చమురు డబ్బుతో గల్ఫ్ దేశాలు స్టేడియాలు కడుతూ, బయటి నుంచి కోచ్‌లను తెచ్చుకుంటున్న రోజులవి. ఇవాళ పెద్ద పెద్ద ఆటగాళ్ళు సౌదీ లీగ్‌కు వెళ్తుంటే వింతగా చూస్తున్నాం గానీ, నలభై ఏళ్లకు ముందే రెండు ప్రపంచకప్‌లు గెలిచిన మనిషి జెద్దా కుర్రాళ్ళకు పాస్ ఎలా ఇవ్వాలో నేర్పారు.

దక్కనిది, మిగిలింది

ఒకటి మాత్రం డిడికి దక్కలేదు. బ్రెజిల్ జాతీయ జట్టు కోచ్ పదవి. తన సహచరుడు జగాలో ఆ కుర్చీలో కూర్చున్నారు, మరెందరో కూర్చున్నారు. ఎదురుజట్టుకు కోచ్‌గా బ్రెజిల్‌ను వణికించిన డిడికి ఆ అవకాశం రాలేదు. బ్రెజిల్‌లో ఆడే నల్లజాతి వాళ్ళు లెక్కలేనంత మంది, జట్టును నడిపే స్థానంలో నల్లజాతి వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది అన్న చర్చ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. ఆ చర్చలో డిడి పేరు రాకుండా ఉండదు.

చివరి రోజుల్లో క్యాన్సర్‌తో బాధపడి 2001 మే 12న రియో డి జనీరోలో డిడి కన్నుమూశారు. వయసు 72.

ఆయన నేర్పిన కుర్రాళ్ళలో కుబియాస్, చుంపితాజ్, సోటిల్ 1975లో పెరూకు కోపా అమెరికా గెలిచిపెట్టారు. కుబియాస్ 1978 ప్రపంచకప్‌లో మళ్ళీ ఐదు గోల్స్ చేశాడు. అందులో స్కాట్లాండ్ మీద పాదం బయటివైపుతో కొట్టిన ఫ్రీకిక్‌ను ప్రపంచకప్ గొప్ప గోల్స్‌లో ఒకటిగా చెప్పుకుంటారు. 1982 తర్వాత పెరూ మళ్ళీ ప్రపంచకప్‌కు వెళ్ళడానికి 36 ఏళ్లు పట్టింది. 2018లో వాళ్ళు రష్యా చేరినప్పుడు లిమా ముసలివాళ్ళు తమ మనవలకు చెప్పిన కథల్లో 1970 జట్టు ఉంది, ఆ జట్టు వెనక డిడి ఉన్నారు.

పిల్లలకు ఆట నేర్పేవాళ్ళు సాధారణంగా వేగంగా పరుగెత్తే పిల్లాణ్ణే ముందు ఎంచుకుంటారు. నెమ్మదిగా కదిలేవాణ్ణి, కాలికి దెబ్బ తగిలినవాణ్ణి గట్టున కూర్చోబెడతారు. కాంపోస్ ఊళ్ళో చక్రాల కుర్చీలో కూర్చున్న ఆ 14 ఏళ్ల కుర్రాణ్ణి కూడా అలాగే వదిలేసి ఉంటే, బ్రెజిల్ మొదటి కప్ కోసం ఇంకెన్నేళ్లు ఎదురుచూసేదో.